కుడి గొట్టం ముత్తాతగారిది

మొన్న మా తమ్ముడి మనవరాలు బతు బస్తీ అనే పేట నుంచి వచ్చింది. పక్షులను చూడటమంటే ఆ పిల్లకు ప్రాణం. సెలవు దొరికితే చాలు, మెడలో బైనాక్యులర్స్ వేలాడేసుకుని అడవుల వెంట తిరుగుతుంది. వాటి అద్దాల లోపల బూజు పట్టింది. ఈ దీవుల తేమకు బూజు పట్టని వస్తువు లేదు గనక నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. "కంపెనీకి మెసేజ్ పెట్టాను దాదీ. రిపేర్ చెయ్యరంట. ఫొటో పంపితే కొత్తది పంపేస్తారంట, పాతది ఫేంక్ దో, పారేయండి అన్నారు," అని ఫోను నా ముందు పెట్టింది. అవతల జవాబిచ్చింది మనిషో యంత్రమో దానికీ తెలియదు. "బూజు ఎలా పట్టిందని వాళ్ళు అడగలేదా?" అన్నాను. "వాళ్ళెందుకు అడుగుతారు దాదీ? ఉన్‌కో క్యా మత్‌లబ్?" అని నవ్వేసింది. నాకు మాత్రం ఒకప్పుడు ఒక కంపెనీ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆ ప్రశ్న ఓడెక్కి వచ్చి, డెలానీపూర్‌లో మా చెక్క ఇంటి గడప దాటి, తరాలుగా మేము నమ్ముకున్న ఒక సంగతిని తలకిందులు చేసింది.

మాది చితికిపోయిన కుటుంబమని ఎవరైనా అంటే ఈ వయసులోనూ సరిదిద్దుతాను. కుటుంబం చితకలేదు, ఓడలు పోయాయి. ఆ రెండింటికీ తేడా ఉంది. భీమునిపట్నంలో మా ముత్తాతగారికి తెరచాప ఓడలుండేవి. బియ్యమూ నువ్వులూ ఎక్కించుకుని రంగూను వెళ్ళి టేకు దుంగలతో తిరిగొచ్చేవి. పొగ ఓడలు వచ్చాక సరుకు తగ్గింది, యుద్ధం వచ్చాక రంగూనే అందకుండా పోయింది. మా నాన్నగారి చేతికి వచ్చేనాటికి మిగిలినవి ఇంటిపేరూ, రెండు గొట్టాల దుర్భిణీ. స్వరాజ్యం వచ్చిన కొత్తలో ఈ దీవులకు మనుషులు కావాలని సర్కారు పిలుస్తున్నప్పుడు ఆయన తల్లినీ, భార్యనీ, మమ్మల్నీ వెంటబెట్టుకుని వచ్చేశారు. పొలం తీసుకోమంటే వద్దన్నారు. చాతం రంపపు మిల్లు ఆఫీసులో గుమాస్తా పని ఒప్పుకున్నారు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాకముందే పడౌక్ కలప పొట్టు వాసన వచ్చేది. అమ్మ ఆ చొక్కా ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు. నాయనమ్మ మాత్రం దాన్ని టేకు వాసన అనే అనేది. తన అత్తవారింట్లో దిగిన దుంగల వాసన అదేనని ఆమె పట్టు. కాదని ఎవరం చెప్పలేదు.

దుర్భిణి నడవలో చెక్క గోడకు, తోలు సంచిలో, కొక్కేనికి వేలాడేది. సముద్రాల అవతల ఒక కంపెనీ ఓడలవాళ్ళ కోసం చేసిన సరుకది. ఇత్తడి మీద వాళ్ళ పేరు చెక్కి ఉండేది. ఇప్పటివాటిలాగా మధ్యలో తిప్పే మర దానికి లేదు. కంటి దగ్గర ఒక్కొక్క గొట్టానికి ఒక్కొక్క చుట్టు ఉంటుంది, అది తిప్పితే ఆ గొట్టంలో బొమ్మ తేటపడుతుంది. ఎడమ చుట్టు తిరిగేది. కుడి చుట్టు మీద లక్క పోసి ఉండేది. ముత్తాతగారు పోయిన రోజున మా తాతగారు స్వయంగా లక్క కరిగించి పోశారట, తండ్రి చివరిసారి పెట్టుకున్న చూపు అలాగే ఉండిపోవాలని. అందుకే మా ఇంట్లో ఎడమ గొట్టం మనది, కుడి గొట్టం ముత్తాతగారిది. దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నవాళ్ళు కుడికన్ను మూసుకోవాలి. ఏటా దసరాకు నాయనమ్మ ఆ లక్కకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేది.

నేను ఆ నియమాన్ని చాటుగా తప్పేదాన్ని. ఎవరూ లేనప్పుడు కుడి గొట్టంలోకి చూసేదాన్ని. వాన కురుస్తున్న కిటికీ అద్దంలోంచి చూసినట్టు అంతా అలికేసినట్టు ఉండేది. కొబ్బరిచెట్లు పచ్చటి మరకలు, సముద్రం ఒక నీలపు మరక. ఒకసారి నాన్నగారికి దొరికిపోయాను. కోప్పడతారనుకుంటే, "ఆయన చూపు మనకు అందుతుందా అమ్మడూ? ఆయన రంగూను రేవు దాకా చూసిన మనిషి," అన్నారు. అప్పటి నుంచి ఆ మసకలో ఏముందోనని నాకు ఇంకా కుతూహలం పట్టుకుంది. నాకు అందనంత దూరం ఏదో అందులో దాగి ఉందనీ, పెద్దయ్యాక కనిపిస్తుందనీ అనుకునేదాన్ని.

మా ఇంటి వెనక మిట్ట ఎక్కితే రేవు ముఖం కనిపించేది. మిల్లు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని నాన్నగారు అక్కడ నిలబడేవారు. కింద ఒడ్డున పాకలు వేసుకున్న మత్స్యకారుల కుటుంబాలు మా ఉత్తర తీరం నుంచి వచ్చినవే. గాలి లేచినా, పడవలు ఆలస్యమైనా ఆడవాళ్ళు మిట్ట దగ్గరికి వచ్చేవాళ్ళు. "బాబూ, మా మావ పడవ అగుపడతందేటి?" అని అడిగేవాళ్ళు. ఆయన ఎడమకంటితో చూసి, తెరచాప మీది అతుకులను బట్టి ఎవరి పడవో చెప్పేవారు. దుర్భిణి మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. మిల్లులో ఆయన పేరుతో ఎవరికీ పని లేదు, కుర్చీ నంబరుతోనే పని. ఆ మిట్ట మీద మాత్రం ఆయన మాట మీద నమ్మకం పెట్టుకుని ఆడవాళ్ళు పొయ్యి వెలిగించేవాళ్ళు. ఓడలు పోయాక మా వంశానికి మిగిలిన పెద్దరికం అంతా అక్కడే ఉండేది.

ఒక ఉదయం భూమి కదిలింది. ఇక్కడ అది వింత కాదు. గిన్నెలు గలగలలాడతాయి, అందరం వాకిట్లోకి పరిగెత్తుతాం, కాసేపటికి తిరిగొచ్చి మిగిలిన పని చేసుకుంటాం. ఆ రోజు తిరిగొచ్చేసరికి దుర్భిణి కొక్కెం ఊడి, కింద ఉన్న ఇత్తడి బిందె అంచు మీద పడి ఉంది. బిందె సొట్టపోయింది. దుర్భిణి పైకి బాగానే ఉంది. ఊపితే మాత్రం ఎడమ గొట్టంలో ఏదో గలగలమంది. లోపలికి చూస్తే సగం చీకటి. నాన్నగారు దాన్ని మళ్ళీ సంచిలో పెట్టేశారు. ఆ సాయంత్రం ఆయన మిట్ట మీద కుడికన్నుకు బదులు ఎడమకన్ను మూయడం నేను చూశాను. ముత్తాతగారి గొట్టంలోంచి చూస్తున్నారన్నమాట.

ఆ వారంలోనే గాలి లేచింది. ఎర్రయ్య అనే అతని భార్య పోలమ్మ వచ్చి అడిగింది. నాన్నగారు చాలాసేపు చూసి, "వస్తున్నాడు, వెళ్ళి వంట చేసుకో," అన్నారు. వచ్చింది వేరేవాళ్ళ పడవ. పోలమ్మ తెల్లవార్లూ ఒడ్డునే కూర్చుంది. మర్నాడు పొద్దెక్కాక ఎర్రయ్య క్షేమంగానే వచ్చాడు. సాయంత్రం ఆమె చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని మా వాకిలి ముందు నుంచి పోతూ ఆగింది. "బాబూ, మీ దుర్బిణీకి సత్వారం ఒచ్చినట్టుంది. డాక్టరుకాడికి తీసుకెళ్ళండి," అంది. ఆమె వెనక ఉన్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాన్నగారు వీపు నిటారుగా పెట్టుకుని లోపలికి వచ్చారు. మర్నాటి నుంచి మిట్ట దగ్గరికి ఎవరూ రాలేదు. అటవీశాఖ లాంచి నడిపే సారంగును అడుగుతున్నారని తెలిసింది.

అబర్డీన్ బజారులో గడియారాలు బాగుచేసే ముసలాయన దుర్భిణిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, తిరిగిచ్చేశాడు. "బాబూజీ, ఘడీ కా పేచ్ అలగ్, ఇస్‌కా పేచ్ అలగ్. జిస్‌నే బనాయా, ఉసీకో భేజో." గడియారం మర వేరు, దీని మర వేరు, చేసినవాళ్ళకే పంపమని సలహా. నాన్నగారికి అది సలహాలా కాదు, అవమానంలా తోచింది. ఇంటి వస్తువును పరాయి దేశం పంపడమా అన్నారు. చివరికి తెలుగు చర్చి పక్కన ఉండే సుందరరావు మాస్టారి దగ్గరికి వెళ్ళారు. ఆయన దగ్గర టైపు మిషను ఉండేది. చర్చిలో ఆదివారం పాడే పాటలు కొట్టే ఆ మిషను మీదే కంపెనీకి మా ఉత్తరం కొట్టారు.

"కుడిపక్క జోలికి పోవద్దని ఒక ముక్క రాద్దామా అండీ?" అన్నారు మాస్టారు, సంగతంతా విని.

"అక్కర్లేదు. లక్క ఉంది కదా. లక్క వేసినదాన్ని విప్పకూడదని తెలియనివాళ్ళు ఉంటారా?" అన్నారు నాన్నగారు. రోజూ ఆఫీసులో లక్క ముద్రల సంచులు చూసే గుమాస్తా ఆయన. లక్క అంటే ప్రపంచమంతటా ఒకటే అర్థమని ఆయన నమ్మకం.

కొన్ని ఓడలు వచ్చి పోయాక జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. వస్తువును కలకత్తాలోని తమ ఏజెంటుకు పంపితే చాలు, మిగిలింది తమ సర్వీసు డిపార్టుమెంటు చూసుకుంటుందని రాశారు. మాస్టారు ఆ ఉత్తరం చదివి తెలుగులో చెబుతుంటే నాయనమ్మ విస్తుపోయింది.

"సర్వీసేమిటిరా దానికి? ఉద్యోగంలో వేసుకుని రిటైరు చేసేస్తారా?"

"పెన్షను కూడా ఇస్తారండీ," అన్నారు మాస్టారు, ముఖం మార్చకుండా.

దుర్భిణిని నాయనమ్మ పాత పట్టుచీర ముక్కలో చుట్టి, చుట్టూ దూది కూరి, మిల్లులో వడ్రంగులు చేసిచ్చిన పెట్టెలో పెట్టింది. పెట్టె కలకత్తా ఓడ ఎక్కింది. అది వెళ్ళాక గోడ మీద దాని ఆకారంలో ఒక తెల్లటి మచ్చ మిగిలింది. నాన్నగారు రోజూ మిట్ట మీదికి వెళ్ళడం మానలేదు. ఉత్త కళ్ళతో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. చూసేవాళ్ళు లేకపోయినా నిలబడేవారు. నేనేమో ఆ పెట్టె వెంట ఊహలో ప్రయాణం చేసేదాన్ని. దాన్ని ఎవరు విప్పుతారు? వాళ్ళ బల్ల మీద ఎలాంటి దీపం ఉంటుంది? ముత్తాతగారి గొట్టంలోకి ఒక పరాయి మనిషి చూస్తే అతనికి ఏం కనిపిస్తుంది?

పెట్టె తిరిగి వచ్చిన సాయంత్రం మాస్టారు కూడా మా నడవలో ఉన్నారు. దుర్భిణిలో గలగల లేదు. ఇత్తడి కొత్త బిందెలా మెరుస్తోంది. కుడి చుట్టు మీద లక్క లేదు. నాన్నగారు దాన్ని ముందు వెనకలకు తిప్పి చూస్తూ ఉండిపోయారు. దానితోపాటు వచ్చిన ఉత్తరం మాస్టారు చదివి చెప్పారు. ఎడమ గొట్టంలో కదిలిపోయిన గాజుముక్కను తిరిగి బిగించారు. కుడి చుట్టు ఎర్రటి గట్టి పదార్థంతో మూసుకుపోయి ఉండగా దాన్ని జాగ్రత్తగా తొలగించారు. దాని మీద పసుపుపచ్చని పొడి పొరలు పొరలుగా ఉంది. ఇప్పుడు చుట్లు రెండూ తిరుగుతాయి, చూసేవారు ఎవరి కళ్ళకు తగినట్టు వారు తిప్పుకోవాలి. చివర ఒక మాట. తమ దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న ముసలి పనివాడు ఇలాంటిది ఎన్నడూ చూడలేదట. ఒక కంటిని ఇలా మూసివేయవలసిన వృత్తి ఏదో, అభ్యంతరం లేకపోతే తెలుపగోరుతున్నాడట.

"వృత్తా?" అన్నారు నాన్నగారు. "ముత్తాతల నాటి చూపును చెరిపేసి, వృత్తి ఏమిటని అడుగుతున్నారా? మాస్టారూ, రాయండి. మీరు తీసేసింది మా తాతగారి చూపు, ఎలా ఉన్నదాన్ని అలా పెట్టి పంపండి అని రాయండి."

"ఎలా పెడతారండీ? అది ఎక్కడుండేదో వాళ్ళకేం తెలుసు?" అన్నారు మాస్టారు మెల్లగా.

నాయనమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది. "జగన్నాథం, అదేమీ రాయించకు. అక్కడ చూపు లేదు."

"అంటే ఏమిటమ్మా?"

"మామగారికి కుడికన్ను కనబడేది కాదురా. నేను కాపురానికి వచ్చేటప్పటికే పోయింది. పైకి తెలిసేది కాదు, కన్ను కన్నులాగే ఉండేది. మా అత్తగారికి తెలుసు, నాకు తెలుసు. మీ నాన్నకు కూడా తెలియదు."

"ఎందుకు దాచారు?"

"ఓడల షావుకారుకు ఒంటికన్నని తెలిస్తే సరుకెవడు ఎక్కిస్తాడు? రేవులో ఎదురొస్తే శకునం బాగాలేదని వెనక్కి పోయేవాళ్ళు. పెద్దవాళ్ళ దగ్గరికి ఎడమపక్క నుంచే రావాలని మన పిల్లలకు నేర్పుతావే, అది మర్యాద అనుకున్నావా? కుడిపక్క నుంచి ఎవరొచ్చినా ఆయన ఉలిక్కిపడేవారు. జనం కనిపెట్టేస్తారని అత్తగారు పెట్టిన పద్ధతి అది."

నేను అప్పుడు నాయనమ్మకు ఎడమపక్కనే నిలబడి ఉన్నాను.

"మరి నాన్న లక్క పోస్తుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"చెబుదామనే నోరు తెరిచాను. అత్తగారు నావైపు ఒక చూపు చూసింది. ఊరుకున్నాను. పోయిన మనిషి పరువు కదా." నాయనమ్మ నవ్వింది. "ఇంకో మాట. ఆ చుట్టు ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. దాంతో ఆయనకు పనేముంది? ఆయన ఒళ్ళో కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి ఆడుకున్నది నువ్వే. నీకు అప్పుడు మాటలు కూడా రాలేదు. నువ్వు ఎక్కడ వదిలేశావో అక్కడే మీ నాన్న లక్క పోశాడు."

మాస్టారు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాన్నగారు ఆయనవైపు చూడలేదు. తను పాలు తాగే వయసులో తిప్పి వదిలేసినదానికి ఏటా దసరాకు దండం పెట్టారని ఆయనకు అర్థమవుతోంది. దుర్భిణిని తిరిగి గోడకు తగిలించి, "మాస్టారూ, అందిందనీ కృతజ్ఞులమనీ కొట్టండి," అన్నారు.

"లక్క గురించి ఏమని కొట్టమంటారు?"

"ఏమీ వద్దు."

అలా ఆ ముసలి పనివాడికి జవాబు వెళ్ళలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అది నాకు లోటుగానే ఉంటుంది. అతను ఎవరో, అతని పేరేమిటో మాకు తెలియదు. అతని బల్ల మీదికి మా లక్క వెళ్ళింది, మా పసుపూ కుంకుమా వెళ్ళాయి. వాటిని తుడిచి పారేసి ఊరుకోకుండా, ఇది ఎందుకై ఉంటుందని అతను ఆగి ఆలోచించాడు. కొత్తది క్షణాల్లో పంపించే ఈ కాలాన్ని నేను తప్పుపట్టను. మా తమ్ముడి మనవరాలి ముఖంలో సంతోషం చూశాను కదా. అయితే బాగుచేయాలంటే విప్పాలి, విప్పితే అందులో ఉన్న మనుషుల సంగతి ఎంతో కొంత బయటపడుతుంది. పారేయమన్నవాళ్ళకు ఆ అవసరం లేదు. మా ముత్తాతగారి పరువును మా ఇంటి ఆడవాళ్ళు ఎంత నేర్పుగా మోశారో, అతను అడగకపోతే మాకు తెలిసేదే కాదు. ఆ సంగతి తెలిశాక మా వంశం గురించి నా గర్వం తగ్గలేదు. ఒక్క కంటితో రంగూను దాకా ఓడలు నడిపించిన మనిషికి మునిమనవరాలిని. గర్వం ఇంకా పెరిగిందనే చెప్పాలి.

ఆ తర్వాత కొన్నాళ్ళు దుర్భిణి గోడకే ఉండిపోయింది. నాన్నగారు దాన్ని దించలేదు. ఒక మధ్యాహ్నం గాలి లేచింది. సాయంత్రానికి సముద్రం బూడిదరంగుకు తిరిగింది. మిట్టకు దూరంగా, కొబ్బరిచెట్టు కింద పోలమ్మ నిలబడి ఉంది. ఏమీ అడగలేదు. కొంగు నడుముకు బిగించి రేవువైపే చూస్తోంది. నాన్నగారు లోపలికి వచ్చి దుర్భిణి దించుకుని బయటికి నడిచారు. నేను వెనకాలే వెళ్ళాను. ఆయన దాన్ని కళ్ళదాకా ఎత్తి, మళ్ళీ దించారు.

"పోలమ్మా, ఇలా రా."

ఆమె వచ్చింది. ఆయన దుర్భిణిని ఆమెవైపు చాచారు. మా ఇంటివాళ్ళు కాని మనిషి చేతికి, నాకు తెలిసి, అది అందడం అదే మొదలు.

"నానా బాబూ? నా సేతులు సేపల కంపు."

"కంపు కడిగితే పోతుంది. ఇదుగో, ఇక్కడ రెండు చుట్లున్నాయి. నాకు తిప్పినట్టు నీకు కుదరదు. నీ కళ్ళకు నువ్వే తిప్పుకో."

ఆమె ముందు దాన్ని తిరగేసి పట్టుకుంది. ఆయన సరిచేశారు. ఆమె ఒక చుట్టు తిప్పింది, ఆగింది, రెండోది తిప్పింది. ఆమె భుజాలు బిగుసుకోవడం చూశాను. నాన్నగారు సముద్రంవైపు కాక ఆమె ముఖంవైపే చూస్తున్నారు.

"అదిగో. మా మావే," అంది చివరికి, మామూలు గొంతుతో. "పడవలో నీళ్ళు తోడతన్నాడు. ఆగండాగండి. నోట్లో సుట్ట. మానేసినానని నూకాలమ్మ తల్లి మీద ఒట్టేసినాడు బాబూ. రానీ ఒడ్డుకి, సెప్తాను."

నాన్నగారు నవ్వారు. భీమునిపట్నం వదిలాక ఆయన అలా నవ్వగా నేను వినలేదు. పోలమ్మ దుర్భిణిని కొంగుతో తుడిచి తిరిగిచ్చింది. "మీకిప్పుడు అగుపడదు బాబూ. నాను తిప్పేసినాను," అని ఒడ్డువైపు దిగిపోయింది.

ఆయన దాన్ని కళ్ళకు పెట్టుకున్నారు. ఎడమ చుట్టు కొంచెం కదిపారు. కుడి చుట్టు మీద వేలు పెట్టి, కాసేపు ఆగి, దాన్నీ తిప్పారు. నేను ఆయన ముఖం చూస్తున్నాను. గాలికి రెప్పలు కొట్టుకుంటున్నాయి గాని, రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.